ఫస్టియర్ క్లాసులో అందరి ముందు ఇంటి సంగతి చదవమన్నారు, ఎంతవరకు చెప్పొచ్చు?

కనిగిరి_పిల్ల:

అన్నలకీ అక్కలకీ నమస్తే. మాది కనిగిరి దగ్గర పల్లెటూరు. ఈ ఏడాదే నెల్లూరులో ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో సీఎస్‌ఈలో చేరాను. కన్వీనర్ కోటా సీటు, ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉంది కాబట్టి చేరగలిగాను, లేకపోతే కనిగిరిలోనే డిగ్రీకి పోయేదాన్ని. ఇప్పుడొచ్చిన చిక్కేంటంటే, కమ్యూనికేటివ్ ఇంగ్లిష్ క్లాసులో మేడం ఒక పేజీ రాసుకు రమ్మన్నారు. ఎక్కడి నుంచి వచ్చారు, ఇంట్లో ఎవరేం చేస్తారు, నాలుగేళ్ల తర్వాత ఏమవ్వాలనుకుంటున్నారు, ఇవన్నీ రాసి వచ్చే వారం క్లాసు ముందు నిలబడి చదవాలి.

మాకు సెంటు పొలం లేదు. పొగాకు సీజన్ వస్తే అమ్మానాన్న ఇద్దరూ కొండపి వైపు బ్యారన్ల దగ్గరికి, అంటే పొగాకు ఆకుని వేడితో ఆరబెట్టే కొట్టాల దగ్గరికి పోతారు. నాన్న బ్యారన్ కాలుస్తాడు, అమ్మ కర్రలకి ఆకు అల్లుతుంది, సీజన్ అయ్యేదాకా అక్కడే రేకుల షెడ్డులో కాపురం. మిగతా రోజుల్లో ఊళ్లో ఏ పని దొరికితే ఆ పని. నేను చిన్నప్పుడు అమ్మమ్మ దగ్గర, ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా కస్తూర్బా హాస్టల్ స్కూల్లో. సెలవులకి షెడ్డు దగ్గరికి పోతే అమ్మ చేతులు ఆకు జిగురుతో నల్లగా ఉండేవి, ఎంత రుద్దినా పోయేది కాదు, చేత్తో కలిపితే ముద్ద చేదవుతుందని మా అమ్మ స్పూనుతో అన్నం తినేది.

మా క్లాసులో ఎక్కువమంది విజయవాడలోనో నెల్లూరులోనో కార్పొరేట్ కాలేజీల్లో ఇంటర్ చదివి వచ్చినవాళ్లు. మొదటి వారం పరిచయాలప్పుడు నాన్న బిజినెస్, నాన్న టీచర్, నాన్న పోర్టులో అని చెప్పుకుంటూ వచ్చారు. నా వంతు వచ్చేసరికి ఫార్మర్ అన్నాను. సగం మంది అదే చెప్పారు కాబట్టి ఎవరూ ఎదురు అడగలేదు. ఇప్పుడు పేజీ అంటే అలా ఒక్క ముక్కలో పోదు.

ఇంకోటి, ఆశల గురించి ఏం రాయాలో నిజంగా తెలియడం లేదు. ఉద్యోగం రావాలి, అమ్మ ఇక పొగాకు పనికి పోకూడదు. ఇది ఒక లైను. మిగతా పేజీ ఏం పెట్టి నింపాలి? నా రూమ్మేట్లు ఇద్దరూ చాట్‌జీపీటీతో రాయించేశారు, రెండిట్లోనూ మొదటి లైను 'ఫ్రమ్ హంబుల్ బిగినింగ్స్' అనే ఉంది, అందులో ఒకమ్మాయి వాళ్ల నాన్నకి దర్గామిట్టలో రెండు షాపులున్నాయి. మీరైతే ఏం చేస్తారు?


నెల్లూరోడు_థర్డియర్:

అంత టెన్షన్ అవసరం లేదమ్మా. అరవై మంది చదవాలి, పదో మనిషికే వెనక బెంచీల్లో ఫోన్లు బయటికొస్తాయి. మా బ్యాచ్‌లో వరసగా నలుగురు అబ్దుల్ కలాం గారి పేరు చెప్పారు, ఐదోవాడు లేచి 'సేమ్ మేడం' అని కూర్చున్నాడు. రెండు నిమిషాలు గబగబా చదివి కూర్చో, మర్నాటికి ఎవరికీ గుర్తుండదు. టెన్షన్ పడాలంటే లీనియర్ ఆల్జీబ్రా మీద పడు, బ్యాక్‌లాగ్ తగిలితే మాత్రం ఇంట్లో అందరికీ గుర్తుంటుంది.


ఏరియేటర్_విడవలూరు:

చెల్లీ, పైవాడి మాట నమ్మొద్దు, గుర్తుంటుంది. నేను ఈసీఈ సెకండియర్. మాది విడవలూరు మండలం, మా నాన్న రొయ్యల సాగు. ఆ మాట చెప్పగానే క్లాసులో 'మీకేంట్రా కోట్లు' అంటారు. నీకు పొలం లేదని బాధ, నాకు లేని కోట్లు ఉన్నాయనుకుంటారని బాధ. గుంటలు మావి కావు, లీజు. సీడ్ (రొయ్య పిల్లల) అప్పు, మేత అప్పు, కరెంటు బిల్లు ఎటూ కట్టాల్సిందే. పంట మూడు నాలుగు నెలలకి పడుతుంది, కేజీకి ఎన్ని రొయ్యలు తూగుతాయో ఆ కౌంటుని బట్టి రేటు కడతారు. 100 కౌంటులో పట్టేస్తే ఖర్చులు పోను ఏమీ మిగలదు, ఇంకొంచెం పెరిగి 40, 30 కౌంటు వస్తే బాగుంటుందని ఆగితే ఆ మధ్యలో తెల్లమచ్చ రోగం తగిలి గుంట మొత్తం పోవచ్చు. ఆగాలా పట్టేయాలా అన్న మాట మీదే మా ఇంట్లో గొడవలన్నీ. నేను కాలేజీలో చేరిన కొత్తలో, 2025 ఆగస్టులో, అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి తీసుకుపోయింది చూశావూ, ఆ నెలలో నాన్న ఫోన్ చేస్తే చదువు గురించి ఒక్క మాట లేదు, ఇక్కడ కొనేవాళ్లు రేటు ఎంత తగ్గించారో అదే చెప్పేవాడు.

మాకూ ఇలాగే పేజీ రాయమన్నారు. నేను రాసింది ఒక్కటే సంగతి. రాత్రిపూట కరెంటు పోతే గుంటలో నీళ్లు చిలికే ఏరియేటర్లు ఆగిపోతాయి, నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుంది, ఎవరూ చూసుకోకపోతే తెల్లారేసరికి రొయ్యలన్నీ పైకి తేలి గట్టు వారకి వచ్చేస్తాయి. అందుకని నాన్న గట్టు మీదే మంచం వేసుకుంటాడు. ఇంట్లో ఫ్యాన్ ఆగితే మనకి మెలకువ వచ్చినట్టు ఆయనకి ఏరియేటర్ చప్పుడు ఆగితే మెలకువ వస్తుంది, చీకట్లోనే లేచి జనరేటర్ దగ్గరికి పరిగెత్తుతాడు. ఇదంతా రాసి, ఆక్సిజన్ తగ్గగానే ఫోన్ మోగించే మీటరు తయారు చేయాలని ఈసీఈ తీసుకున్నానని చదివాను. అలాంటివి ఎప్పటినుంచో దొరుకుతున్నాయని మా సార్ తర్వాత చెప్పారు. ఆ రేటు నాన్నకి చెప్తే ఇంకో ఎకరం లీజు వస్తుంది కదరా దాంతో అన్నాడు. కాబట్టి ఇప్పుడు నా ఆశ ఏంటంటే అదే మీటరు మా నాన్న కొనగలిగే రేటులో చేయడం. క్లాసు అయ్యాక ఇందుకూరుపేట వాడొకడు వచ్చి మాదీ అదే పని, చెప్పలేదంతే అన్నాడు, ఇప్పుడు ఇద్దరం కలిసే చేస్తున్నాం. సెన్సార్ ఉప్పునీళ్లలో రెండు వారాలకే పాడైపోతోంది, అది వేరే సంగతి.

మీ నాన్న పని నాకు సరిగ్గా తెలియదు, బ్యారన్ కాల్చడమంటే ఏం చేస్తారో రాస్తే నేనైతే ఆసక్తిగా వింటాను.


ఒంగోలు_టు_బెంగళూరు:

ఏరియేటర్ తమ్ముడి మాట బాగుంది కానీ నేను ఒప్పుకోను. లీజుకి చేసినా వాళ్ల నాన్న రైతే, ఊళ్లో ఆయనకి పేరుంటుంది, నష్టం వచ్చినా పెద్ద నష్టం అని మర్యాదగానే చెప్పుకుంటారు. కూలికి పోయే ఇంటి పిల్ల అదే క్లాసులో నిలబడి చెప్పడం వేరు. మొదటి నెలలో పడిన ముద్ర నాలుగేళ్లూ పోదు.

మేం చదివేటప్పుడు మా బ్యాచ్‌లో ఒకమ్మాయి ఇంటి కష్టం అంతా చెప్పింది. అందరూ చప్పట్లు కొట్టారు, సార్ ప్రత్యేకంగా మెచ్చుకున్నారు. ఆ తర్వాత ఏమైందో ఎవరూ చెప్పరు, నేను చెప్తా. పుట్టినరోజులకీ సినిమాలకీ ఆ అమ్మాయిని పిలవడం మానేశారు. చెడ్డతనంతో కాదు, డబ్బులు పెట్టుకోలేదేమో అడిగితే బాధపడుతుందేమో అని. సెకండియర్‌కి వచ్చేసరికి ఒంటరిగా లైబ్రరీలో కూర్చునేది. ఇంకో సంగతి కూడా పచ్చిగా చెప్పాలి. మన జిల్లాల్లో నాన్న ఏం చేస్తాడు, సొంత పొలమేనా, ఊళ్లో మీ ఇల్లు ఎటువైపు అని వరసగా అడిగేవాళ్లు ఎందుకు అడుగుతారో మనందరికీ తెలుసు. కులం పేరు నోటితో అడగకుండా రాబట్టుకునే పద్ధతి అది. ఆ ప్రశ్నలకి జవాబులు నువ్వే రాసి మైకులో చదివి వినిపించాల్సిన పని లేదు.

'మా వాళ్లది వ్యవసాయ పని' అని ఒక్క ముక్కలో ముగించు. అది అబద్ధం కాదు. మిగతా పేజీ నీ గురించి రాయి. నీకు ఏ సబ్జెక్టు ఇష్టం, ఏం చేస్తే టైం తెలియకుండా పోతుంది, కస్తూర్బాలో ఏం నేర్చుకున్నావు. ఇంట్లో వాళ్ల కష్టం మన దగ్గర దాచుకోవాల్సిన సొత్తు, క్లాసులో మార్కుల కోసం ఖర్చు పెట్టేది కాదు.


ఇంగ్లిష్_మేడం_ఒంగోలు:

ఈ పేజీలు రాయించే వాళ్లలో నేనూ ఒకదాన్ని, కాబట్టి నాక్కూడా నాలుగు మాటలు తగలాలి. ఒంగోలులో డిగ్రీ కాలేజీలో పాఠాలు చెప్తాను. బెంగళూరు బాబు చెప్పింది నేను కొట్టిపారేయను, అలాంటివి చూశాను. అందుకే నా క్లాసులో రాయడం అందరికీ తప్పనిసరి, చదవడం ఇష్టమున్నవాళ్లకే. మీ మేడం దగ్గరికి క్లాసు లేని టైములో వెళ్లి 'పేజీ మొత్తం మీకిస్తాను, క్లాసులో ఒక పేరా మాత్రం చదువుతాను' అని అడుగు తల్లీ. ఫస్టియర్ పిల్లలు స్టాఫ్ రూమ్‌లోకి రావడానికి భయపడతారు కానీ వచ్చి అడిగితే కాదనేవాళ్లు తక్కువ.

మేం ఆ పేజీలు ఎందుకు రాయిస్తామో కూడా చెప్తాను. గ్రామర్ తప్పులు చూడటానికైతే ఏ టాపిక్ ఇచ్చినా సరిపోతుంది. పొదిలి నుంచి రోజూ బస్సులో వచ్చే పిల్లాడు మొదటి పీరియడ్‌కి ఎందుకు రాలేకపోతున్నాడో నాకు అటెండెన్స్ రిజిస్టర్ చెప్పదు, ఆ పేజీ చెప్తుంది. మిర్చి కోతల టైములో ఇంట్లో పెద్దవాళ్లు గుంటూరు వైపు పోతే తమ్ముడికీ చెల్లికీ వండిపెట్టి కాలేజీకి వచ్చే పిల్ల ఎవరో తెలుస్తుంది. తెలిస్తే కొన్ని చోట్ల ఏదైనా చేయగలం, కొన్ని చోట్ల చేయలేం, కనీసం ఆలస్యంగా వచ్చావేమని అరవకుండా ఉంటాం.

'ఐఏఎస్ అయి ప్రజాసేవ చేస్తాను' అని రాసిన పేజీ చదివాక ఆ పిల్ల గురించి నాకు ఏమీ తెలియదు. మా దగ్గర 2023లో సింగిల్ మేజర్ తెచ్చారు, అంటే డిగ్రీలో చేరేటప్పుడే ఒక్క సబ్జెక్టు తేల్చుకోవాలన్నారు. ఆ మేజర్ ఎందుకు తీసుకున్నావురా అంటే 'మా అన్న చెప్పాడు', 'ఫ్రెండ్స్ అందరూ ఇందులోనే చేరారు' అని రాస్తారు కొందరు. నాకు ఆ పేజీలే ఇష్టం, అక్కడి నుంచి మాట మొదలుపెట్టొచ్చు. నీ ఒక్క లైను ఆశ కూడా అలాంటిదే. పేజీ నిండాలని దానికి తోకలు తగిలించొద్దు.

మా జిల్లా పిల్లలు ఏటా ప్రకాశం పంతులు గారి గురించి రాస్తారు. 1872లో వినోదరాయునిపాలెంలో పుట్టారు, తండ్రి పోయాక తల్లి సుబ్బమ్మ గారు ఒంగోలులో పూటకూళ్ల ఇల్లు నడిపి పెంచారు, బారిస్టరై 1953లో ఆంధ్ర రాష్ట్రానికి తొలి ముఖ్యమంత్రి అయ్యారు, కాబట్టి మేమూ కష్టపడి పైకొస్తాం అని. ఈ కథలో అందరూ వదిలేసే మనిషి ఒకరున్నారు, ఇమ్మానేని హనుమంతరావు నాయుడు గారు. మిషన్ స్కూలు మాస్టారు. ఆయన రాజమండ్రి వెళ్తూ ప్రకాశాన్ని వెంట తీసుకెళ్లి చదివించారు. తల్లి కష్టం ఒక్కటే ఉండి ఆ మాస్టారు లేకపోతే ఏమయ్యేదో. నీ పేజీలో కూడా అలాంటి మనిషికి చోటివ్వు. కస్తూర్బాలో ఎవరో ఒకరు నిన్ను ఈఏపీసెట్ రాయమని వెంటపడి ఉంటారు కదా, ఆవిడ గురించి రాయి. ఇంట్లో వాళ్లు ఏం చేస్తారన్నది ఒక్కటే మన వెనక ఉన్న కథ కాదు.

చాట్‌జీపీటీ పేజీలు మాకు మొదటి లైనుకే తెలిసిపోతాయి, మీ రూమ్మేట్లకి చెప్పు.


కొండపి_రైతు:

అమ్మాయ్, నేను పదో తరగతి దాకే చదువుకున్నా. మా అబ్బాయి ఇది చూపించి చదివి వినిపించాడు, వాడి చేతే కొట్టిస్తున్నా. తప్పులుంటే వాడివి.

మీ నాన్న బ్యారన్ కాలుస్తాడన్నావు. దాన్ని కూలి అని రాయబాక. ఆకు కొట్టేదానికి, మోసేదానికి మనుషులు దొరుకుతారు. బ్యారన్ కాల్చే మనిషి దొరకడం కష్టం, అందుకే సీజన్ రాకముందే అడ్వాన్స్ ఇచ్చి మాట తీసుకుంటాం. పని ఎట్టుంటదో చెప్తా, రాసుకో. కర్రలకి అల్లిన ఆకు బ్యారన్ నిండా వరసల మీద వేలాడదీస్తాం. కింద కొలిమిలో కట్టెలు, దాని నుంచి లోపలికి ఇనప గొట్టాలు, ఆ గొట్టాల వేడికే ఆకు మగ్గాలి, పొగ తగలకూడదు. మొదట్లో 100 డిగ్రీలు, ఫారన్‌హీట్ లెక్కలో, ఆ దరిదాపుల్లో ఉంచి ఆకుని పసుపు తిరగనియ్యాలి. తొందరపడి మంట పెంచితే పచ్చగానే ఆరిపోద్ది. తాత్సారం చేస్తే మాడు రంగు పడిద్ది. పసుపు నిలబడ్డాక గాలి వదిలే కిటికీలు తెరుస్తా, మూస్తా, డిగ్రీలు కొద్దికొద్దిగా ఎక్కించుకుంటా పోవాలి, ఆఖర్న ఈనె ఎండేదానికి 160 దాకా పోవాలి. ఐదారు రోజుల పని ఇది, రాత్రిళ్లు కూడా మనిషి అక్కడే ఉండాలి. కునుకు తీసి లేచేలోపు కర్ర జారి గొట్టం మీద పడిందంటే బ్యారన్ అంటుకున్నా అంటుకుంటది.

ఇంత చేశాక వేలం కేంద్రంలో బేలు విప్పి చూసి, రంగు లేదని నో బిడ్, అంటే పాట పాడం అంటే మళ్లీ ఇంటికి మోసుకు రావాలి. మా ఇంట్లో నాలుగు వేళ్లు నోట్లోకి పోయేది మీ నాన్న లాంటి మనిషి కన్ను మీద. డబ్బులు మాత్రం ఆ లెక్కన ఇవ్వట్లేదనుకో, అది నిజమే, మాకు కట్టెల రేటు, కూలి రేటు పోను మిగిలేది చూస్తే మేమూ అంతకన్నా ఇయ్యలేం.

మీ అమ్మ ఇక పొగాకు పనికి పోకూడదన్నావు, బాగుంది. మా వాడికి నేను చెప్పేదీ అదే. 2025లో నల్ల బర్లీ రకం పొగాకు వేసినోళ్ల సరుకు కొనే నాథుడు లేక సర్కారోళ్ల మార్క్‌ఫెడ్ వచ్చి కొనాల్సి వచ్చింది. అది చూశాక ఈ పంట మీద పిల్లల్ని కూర్చోబెట్టే ధైర్యం నాకు లేదు. వాడు ఒంగోలులో బీకాం చదవతా రాత్రిళ్లు ఫోన్ చూస్తా ఉంటాడు. (ఇది టైపు చేయనంటే చేయమన్నా.)


ఉదయగిరి_గరిట:

నేను కూడా ఫస్టియరే, నెల్లూరులో బీకాం. ఆత్మకూరు బస్టాండులో దిగి హాస్టల్‌కి నడిచి పోయేదాన్ని, మీ ఊరి బస్సు కూడా అటే వస్తుందనుకుంటా. మా ఇంట్లో అమ్మీ, నానీ ఇద్దరూ చెక్క స్పూన్లు, గరిటెలు చెక్కుతారు. దుర్గం కొండ అడవి నుంచి వచ్చే నర్ది, కలివి కట్టె, ఆకురాయి, చిన్న ఉలి, అంతే సరంజామా. ఉదయగిరి చెక్క సామానుకి జీఐ గుర్తింపు, అంటే ఇది ఆ ఊరి సరుకే అన్న ముద్ర వచ్చిందని అందరూ గొప్పగా చెప్తారు, నిజంగానే గొప్ప, కానీ నానీకి వచ్చింది మెడనొప్పి ఒక్కటే.

నేను ఇదంతా రాసేశాను, చదివేశాను కూడా. ఏమీ కాలేదు. ముగ్గురు అమ్మాయిలు స్పూన్లు కావాలని అడిగారు, ఒకమ్మాయి డబ్బులిచ్చింది, మిగతా ఇద్దరూ ఫ్రెండ్స్‌మే కదా అంటున్నారు. ఆశ అని నేను రాసింది ఏంటంటే, మా వీధిలో ఇచ్చే రేటుకీ హైదరాబాదు ఎగ్జిబిషన్‌లో అదే గరిట మీద అతికించి ఉన్న రేటుకీ మధ్యలో డబ్బు ఎక్కడెక్కడ ఆగిందో లెక్క రాయగలగాలి. అకౌంట్స్ తీసుకుంది దానికే. మా లెక్చరర్ 'ఇది ఆశలా లేదు, ఆడిటింగ్‌లా ఉంది' అన్నారు. ఉంటే ఉండనీ.

బెంగళూరు అన్న చెప్పినట్టు పిలవడం మానేస్తే అప్పుడు చూద్దాం. హాస్టల్‌లో ఉండేవాళ్లం ఎవరిని ఎవరు పిలుస్తారు, అందరం ఆదివారం చికెన్ కోసం ఒకే లైనులో నిలబడతాం.


కనిగిరి_పిల్ల:

అందరికీ చాలా చాలా థాంక్స్, ఇంతమంది ఇంత రాస్తారనుకోలేదు. కొండపి పెదనాన్నా, మీరు రాసింది నాన్నకి ఫోన్‌లో చదివి వినిపించాను. మొత్తం విని 'ఎవురాయన, ఏ ఊరు, ఈసారి మనిషి కావాలంటనా' అని అడిగాడు. తర్వాత 160 తప్పు కాదు కానీ ఆకుని బట్టి ఉంటది, కింది ఆకులు ఒకలా, తల ఆకులు ఒకలా కాల్చాలి, థర్మామీటరు అందరూ చూస్తారు, నేను బ్యారన్‌కున్న అద్దంలోంచి ఆకు కొసలు చూసి చెప్తా, అది కూడా రాయి అన్నాడు. మా నాన్న తన పని గురించి నాతో ఇంతసేపు ఎప్పుడూ మాట్లాడలేదు. నేనూ అడగలేదు.

మేడం దగ్గరికి కూడా వెళ్లాను, ఒక పేరా చదివితే చాలన్నారు. చదివే పేరా బ్యారన్ గురించి. పెదనాన్న చెప్పిన వరసలోనే రాసి ఇంగ్లిష్‌లో పెట్టుకుంటున్నాను. 'ఈనె'ని ఇంగ్లిష్‌లో ఏమంటారో బయాలజీ వాళ్లని అడిగాను. కస్తూర్బాలో మా మ్యాథ్స్ టీచర్ గురించి రెండో పేరా, అది మేడం ఒక్కరికే. ఆవిడ ఈఏపీసెట్ ఫీజు తనే కట్టి అప్లికేషన్ నింపారు, ఆ సంగతి ఇంట్లో కూడా ఎవరికీ తెలియదు.

బెంగళూరు అన్నా, మీరు చెప్పింది కూడా ఆలోచించాను. ఇక్కడ మొదట్లో రాశాను కదా అమ్మ చేతుల సంగతి, అది రెండిట్లోనూ పెట్టలేదు. పొలం లేదని కూడా రాయలేదు. ఎవరైనా అడిగితే చెప్తాను, అడగకముందే ఎందుకు. ఆశ మాత్రం ఆ ఒక్క లైనే ఉంచాను, నాలుగేళ్లలో ఉద్యోగం, అమ్మకి సీజన్ పని మాన్పించడం. దాని కింద ఖాళీ వదిలేశాను.


ఒంగోలు_టు_బెంగళూరు:

ఇది సరిగ్గా ఉంది. నేను అన్నదానికి పూర్తిగా ఒప్పుకున్నట్టూ కాదు, ఒప్పుకోనట్టూ కాదు, అయినా సరిగ్గా ఉంది. ప్లేస్‌మెంట్ల టైములో రెజ్యూమె చూపించాలంటే ఇక్కడే మెసేజ్ పెట్టు.


ఏరియేటర్_విడవలూరు:

డిగ్రీ ఇంత దాటితే కిటికీ తెరువు, ఇంత తగ్గితే కట్టె వేయి, ఇదంతా ఇఫ్ ఎల్స్ కదా చెల్లీ. మీకు ఈ సెమ్‌లోనే సీ ప్రోగ్రామింగ్ ల్యాబ్ ఉంటుంది, సరదాగా రాసి చూడు. మీ నాన్న అద్దంలోంచి చూసి చెప్పేదాన్ని మాత్రం ఎలా రాస్తావో నాకు తెలియదు, రాస్తే మా మీటరుకి కూడా పనికొస్తుంది. ఉప్పునీళ్లకి తట్టుకునే సెన్సార్ ఎవరికైనా తెలిస్తే చెప్పండి.


నెల్లూరోడు_థర్డియర్:

సరే ఒప్పుకుంటున్నా, ఇది వెనక బెంచీలో కూర్చున్నా వింటాను. ఇప్పటికైనా లీనియర్ ఆల్జీబ్రా పుస్తకం తీశావా?


ఇంగ్లిష్_మేడం_ఒంగోలు:

టాపిక్‌కి సంబంధం లేని మాట ఒకటి, ఫస్టియర్ పిల్లలందరికీ. ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉన్నవాళ్లు మీ బ్యాంకు ఖాతాకి ఆధార్ లింకు అయ్యిందో లేదో ఈ వారమే బ్యాంకుకి పోయి చూసుకోండి. పాస్‌బుక్కులో పేరూ ఆధార్‌లో పేరూ ఒక్క అక్షరం తేడా ఉన్నా సరిచేయించుకోండి. ఇంటిపేరు ఒకదాంట్లో పూర్తిగా, ఇంకోదాంట్లో పొడి అక్షరంగా ఉన్నవాళ్లు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు, చివరి తేదీ రోజున ఆఫీసు ముందు నిలబడేది వాళ్లే.